పాతది తుడిచే ముందు

ఇంట్లో కంప్యూటరున్న ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది: లోపలున్న ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఎన్నాళ్ళకొకసారి తుడిచేసి కొత్తగా వేసుకోవాలి? ఆరు నెలలకా, ఏడాదికా, మొరాయించినప్పుడా, అసలు ఎప్పుడూ వద్దా? సాహిత్య పత్రికలో ఈ మరమ్మతు గొడవేమిటని పాఠకులు నొసలు చిట్లించవచ్చు. నాకు మాత్రం ఇది మరమ్మతు ప్రశ్నలా కాక ధర్మసందేహంలాగే కనిపిస్తుంది. ఏది ఉంచుకోవాలి, ఏది పారెయ్యాలి, ఆ నిర్ణయం ఎవరు చెయ్యాలి అన్న మూడు చిక్కులూ ఇందులో ఉన్నాయి. ఇవి కంప్యూటరు లేనివాళ్ళకూ ఉన్న చిక్కులే.

తెలియనివారి కోసం రెండు మాటలు. కంప్యూటరు పెట్టెని ఒక ఇల్లనుకుంటే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ఇంటి పెత్తనం. ఏ వస్తువు ఏ గూట్లో ఉందో, ఎవరొస్తే ఏ తలుపు తియ్యాలో, ఎవరి పని ముందో ఎవరిది వెనకో దానికే తెలుసు. మనం రాసుకున్న ఉత్తరాలు, ఫోటోలు, జమాఖర్చులు ఆ ఇంట్లోని సామాను. తుడిచి మళ్ళీ వేసుకోవటమంటే ఇల్లు ఖాళీ చేసి, గోడలు గీకి, సున్నం కొట్టి, మళ్ళీ సామాను సర్దుకోవటం. సామాను ముందుగా బయట పెట్టుకోకపోతే సున్నంతోపాటు అదీ పోతుంది.

ఈ ఆచారం ఊరికే పుట్టలేదు. విండోస్ 95 వచ్చింది 1995 ఆగస్టులో, విండోస్ 98 వచ్చింది 1998 జూన్‌లో. మా ఇంటికి మొదటి కంప్యూటరు 1999లో, ఈ రెండోదానితోనే వచ్చింది. ఆ సిస్టముల్లో ఏ ప్రోగ్రాము ఎక్కించినా అది తన ఫైళ్ళు కొన్నింటిని అందరికీ ఉమ్మడిగా ఉండే ఫోల్డరులో పడేసేది. ఒకటి పెట్టిన ఉమ్మడి ఫైలు మీద ఇంకొకటి తన పాత ఫైలును పెట్టేది. దాంతో మొదటిది నడవటం మానేసేది. ప్రోగ్రాము తీసేసినా దాని గుర్తులు రిజిస్ట్రీ అనే పెద్ద చిట్టాలో మిగిలిపోయేవి. ఉమ్మడి కుటుంబంలో వేరుపడి వెళ్ళిపోయిన తమ్ముడి ట్రంకుపెట్టె అటక మీద మిగిలిపోయినట్టన్నమాట. ఏడాది తిరిగేసరికి పెట్టె తెరుచుకోవటానికే అయిదు నిమిషాలు పట్టేది.

ఒక విచిత్రం చెబుతాను. ఆ రెండు సిస్టముల్లోనూ, కంప్యూటరు వెలిగించినప్పటి నుంచి గడిచిన కాలాన్ని సెకనులో వెయ్యోవంతు చొప్పున లెక్కపెట్టే ఒక గడియారం ఉండేది. ఆ లెక్కకు కేటాయించిన చోటు 32 బిట్లు. అంటే 429 కోట్ల చిల్లర దాటితే లెక్క మళ్ళీ సున్నాకు వస్తుంది. రోజుల్లో చెప్పాలంటే 49 రోజుల 17 గంటలు. అంతకాలం ఆపకుండా నడిపితే కంప్యూటరు బిగుసుకుపోయేది. ఈ లోపం బయటపడి దానికి సవరణ వచ్చింది 1999లో, అంటే విండోస్ 95 వచ్చిన నాలుగేళ్ళకు. అన్నాళ్ళు ఎందుకు పట్టిందంటే, ఆ సిస్టమ్ 49 రోజులు నిలబడటమే అరుదు కాబట్టి. మా ఊళ్ళో అయితే కరెంటు కోతలు ఆ లోపానికి ఎప్పుడూ అవకాశమే ఇవ్వలేదు.

అలాంటి రోజుల్లో ఆరు నెలలకొకసారి తుడిచి వేసుకోవటంలో అర్థముంది. తరవాత కాలం మారింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ, 2009లో విండోస్ 7 వచ్చాయి. ఉమ్మడి ఫైళ్ళ తగాదా చాలావరకు తీరింది. 2012లో వచ్చిన విండోస్ 8 మన సామాను ముట్టుకోకుండా సిస్టమ్‌ని మాత్రమే కొత్తగా చేసుకునే ఏర్పాటు తెచ్చింది. కారణం పోయింది గాని ఆచారం పోలేదు. తద్దినం రోజున పిల్లిని గంప కింద మూసిన కథ మనకందరికీ తెలుసు. తండ్రి కాలంలో ఇంట్లో పిల్లి ఉండేది, పాలల్లో మూతి పెడుతుందని మూశారు. కొడుకు కాలంలో ఇంట్లో పిల్లే లేదు. అయినా పొరుగింటి నుంచి ఎరువు తెచ్చి గంప కింద మూశాకే తద్దినం పెట్టాడు. ఇవాళ పెట్టె కాస్త నిదానిస్తే చాలు, ‘ఫార్మాట్ కొట్టించెయ్యండి’ అనేవాళ్ళంతా ఆ కొడుకు కోవలోనివాళ్ళే.

ఇక్కడే మొదటి చిక్కు. కారణం వెతకకుండా తుడిచెయ్యటం ఎంతవరకు సబబు? కంప్యూటరు మందగించటానికి సవాలక్ష కారణాలుంటాయి. హార్డ్ డిస్కు అరిగిపోయి ఒకే చోటును పదిసార్లు చదువుతూ ఉండవచ్చు. ఫ్యానులో దుమ్ము పట్టి, వేడెక్కి, ప్రాసెసరు తనంతట తానే వేగం తగ్గించుకుని ఉండవచ్చు. జ్ఞాపకశక్తి చాలకపోవచ్చు. వెలిగించగానే పిలవని పేరంటంలాగా పదిహేను ప్రోగ్రాములు లేచి కూర్చుంటూ ఉండవచ్చు. మొదటి మూడింటికీ తుడవటం మందు కాదు. నాలుగోదానికి మందే గాని, ఆ పదిహేనింటినీ మళ్ళీ ఎక్కించుకునేదాకానే. అరిగిన డిస్కునైతే తుడిచి రాయటం ఇంకాస్త అరగదీస్తుంది. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నవాడికి ఎలుకలు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఎప్పటికీ తెలియదు. కొత్త ఇల్లు కట్టినా ఆ కన్నం దగ్గరే కడతాడు.

మనిషి బతుకులో ఈ ఆకర్షణ ఎంత బలమైనదో గమనించండి. ఉద్యోగంలో చిక్కొస్తే ఊరు మారిపోతే బాగుండుననిపిస్తుంది. స్నేహితుడితో మాట తేడా వస్తే, ఆ తేడా ఏమిటో తేల్చుకోవటం కంటే కొత్త స్నేహితుణ్ణి వెతుక్కోవటం తేలిక. జనవరి ఒకటో తారీకున కొత్త డైరీ మొదటి పేజీలో గుండ్రని అక్షరాలతో రాయనివాడెవడు? కొత్తగా మొదలుపెట్టటంలో ఒక సుఖముంది. తప్పులు కనబడవు, గతం నిలదీయదు. తుడిచి వేసిన కంప్యూటరు మొదటి వారం రోజులు చూపించే చురుకుదనంలో ఉన్నదీ ఆ సుఖమే. అర్థం చేసుకోవటం కన్నా మరిచిపోవటం ఎప్పుడూ చౌక.

అలాగని ఎప్పుడూ తుడవకూడదని నేననను. ఉంచుకోవటం కూడా ఒక జబ్బు కాగలదు. మనకు భోగి మంట ఎందుకుంది? ఏడాది పొడుగునా చేరిన విరిగిన కుర్చీకాళ్ళు, చినిగిన చాపలు ఒక్క తెల్లవారుజామున వదిలించుకోమని. అయితే భోగి మంటకొక మర్యాద ఉంది. ఇల్లంతా ఊడ్చి మంటలో పొయ్యరు. పిల్లలు ఒక్కొక్కటే ఏరుకొస్తుంటే నాయనమ్మ గుమ్మంలో నిలబడి, ‘అది కాదర్రా, ఆ పీట మా అమ్మది, లోపల పెట్టండి’ అంటుంది. ఏది కట్టెపుల్లో, ఏది అమ్మ పీటో తెలిసిన మనిషి అక్కడ ఉండాలి. ఆవిడ లేని భోగి మంట అగ్నిప్రమాదమే.

తుడవటమే న్యాయమైన సందర్భాలూ ఉన్నాయి. పెట్టెలో వైరసు దూరి, పరాయివాడు మన తాళంచెవులతో లోపల తిరిగాడని తేలితే, ఇక ఆ ఇంట్లో దేన్ని నమ్మాలో తెలియదు. యూనిక్స్ నిర్మాతల్లో ఒకరైన కెన్ థాంప్సన్‌కు 1983లో ట్యూరింగ్ బహుమతి వచ్చింది. ఆ సందర్భంగా ఆయన చేసిన ప్రసంగం 1984లో అచ్చయింది. ప్రోగ్రాముల్ని తయారుచేసే పనిముట్టులోనే దొంగ దూరితే, ప్రోగ్రాము పాఠాన్ని ఎంత శ్రద్ధగా చదివినా ఆ దొంగ కనబడడని ఆయన అందులో నిరూపించి చూపారు. లోపలి నుంచి లోపలిని పరీక్షించటానికి ఒక హద్దుందన్నమాట. అలాంటప్పుడు నమ్మదగ్గ చోటు నుంచి తెచ్చిన సిస్టమ్‌తో మళ్ళీ మొదలుపెట్టటం పలాయనం కాదు, వివేకం. పెట్టెని ఇంకొకరికి అమ్మేటప్పుడో ఇచ్చేటప్పుడో తుడవటం కూడా అంతే. మన గుట్టు మనతోనే పోవాలి.

మరి తుడవవలసి వచ్చినప్పుడు ఎలా తుడవాలి? దీనికి మా ఒడిశాలో అందరికీ తెలిసిన ఒక పద్ధతి ఉంది. పూరీలో జగన్నాథుడి మూర్తులు దారుమూర్తులు. ఆషాఢం అధికమాసంగా వచ్చిన ఏడు, పాత మూర్తుల స్థానంలో కొత్త వేపదారువుతో మూర్తులు చేస్తారు. దాన్ని నవకళేబరమంటారు. మన తరం ఎరిగినవి 1969, 1977, 1996, 2015. రెండింటి మధ్య ఒకసారి ఎనిమిదేళ్ళు, రెండుసార్లు పందొమ్మిదేళ్ళు గడిచాయి. భక్తుల సంగతి అలా ఉంచి, ఒక పనిగా చూసినా అందులోని వరస గమనించదగ్గది. ముందు కొత్త మూర్తులు పూర్తిగా సిద్ధమవుతాయి. అప్పటిదాకా పాతవాటిని కదపరు. తరవాత పాతవాటిలోని బ్రహ్మపదార్థాన్ని, కళ్ళకు గంతలు కట్టుకుని చేతులకు గుడ్డ చుట్టుకున్న దైతాపతులు కొత్తవాటిలోకి మారుస్తారు. ఆ తరవాతే పాత మూర్తులను కోయిలి వైకుంఠంలో భూస్థాపితం చేస్తారు. దైతాపతులు సొంత మనిషి పోయినట్టే మైల పాటిస్తారు.

ఇందులో మూడు నియమాలున్నాయి. మార్చవలసిన సారమేదో ముందే తెలిసి ఉండాలి. కొత్తది నిలబడేదాకా పాతదాన్ని చెరపకూడదు. చెరిపినప్పుడు అది చెత్త కాదని, ఇన్నాళ్ళు మనల్ని మోసిన ఒడలని ఒప్పుకోవాలి. మన దుకాణాల్లో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. ముందు తుడుస్తారు, తరవాత ‘ఇందులో మీవేమైనా ఉన్నాయా?’ అని అడుగుతారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవటమంటే ఇదే.

ఈ విషయంలో యంత్రమే మనకంటే నయమనిపిస్తుంది. 2015లో వచ్చిన విండోస్ 10, 2017 నుంచి 2021 దాకా ఏడాదికి రెండుసార్లు పెద్ద మార్పులు తెచ్చుకునేది. అలాంటి మార్పుల్లో చాలావాటికి లోలోపల తనను తాను ఇంచుమించు మళ్ళీ వేసుకునేది. పాత సిస్టమ్‌ని మాత్రం వెంటనే పారెయ్యక, వేరే ఫోల్డరులో పది రోజులు ఉంచేది. ఆ పది రోజుల్లో వద్దనుకుంటే పాతదానికి వెనక్కి పోవచ్చు. పది రోజులూ నిండాక ఆ అవకాశం పోతుంది. ఆ పది అన్న అంకె వేసిన ఇంజినీరుకు మన పెద్దకర్మల సంగతి తెలిసి ఉండదు. అయినా పోయినదాన్ని పూర్తిగా పంపించటానికి కొంత గడువు కావాలన్న బుద్ధి రెండుచోట్లా ఒక్కటే.

ఇక అసలు సంగతికి వస్తాను. మా బరంపురంలో నాకు తెలిసిన ఒక తెలుగు మాష్టారు ఉండేవారు. బడి నుంచి రిటైరయ్యాక ఆయన పెట్టుకున్న పని ఒకటే. మా గంజాం ప్రాంతపు తెలుగు ఇళ్ళల్లో వినబడే మాటలు, పెళ్ళిపాటలు, జోలపాటలు, పట్టుమగ్గాల ఇళ్ళల్లో పడుగు పేకల చుట్టూ పుట్టిన పలుకుబళ్ళు అన్నీ పోగుచేసి కంప్యూటరులో ఎక్కించటం. వేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఏళ్ళ తరబడి కొట్టారు. ఆయన పోయిన కొన్నాళ్ళకు పెట్టె మొరాయిస్తే, ఇంట్లోవాళ్ళు ఒక దుకాణంలో ఇచ్చారు. అక్కడి కుర్రవాడు సిస్టమ్‌ని తుడిచి కొత్తది వేసి, ‘డి డ్రైవులో ఉన్నవన్నీ అలాగే ఉన్నాయి’ అని చెప్పి పంపాడు. నిజమే చెప్పాడు. ఒక్క ఫైలూ పోలేదు. కాని మాష్టారి కోడలు వాటిని తెరిచి చూస్తే, తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు, కొమ్ములు పేజీల కొద్దీ కనబడ్డాయి. నాకు కబురు చేసింది. ‘అన్నయ్యగారూ, మావయ్యగారి ఫైళ్ళన్నీ పాడైపోయాయండీ. ఊరికే చోటు తింటున్నాయి. తీసెయ్యమంటారా?’ అంది.

అవి పాడవలేదు. మాష్టారు మొదలుపెట్టిన రోజుల్లో తెలుగును కంప్యూటరులో రాయటానికి డీటీపీ ఫాంట్లే దిక్కు. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల గూళ్ళలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టేవారు. ఫాంటు ఉన్నంతకాలం ‘అ’ ‘అ’లాగే కనిపిస్తుంది. ఫాంటు పోయిందా, కింద దాక్కున్న ఇంగ్లీషు గుర్తులు పైకి తేలుతాయి. తుడిచినప్పుడు ఆ ఫాంటు పోయింది. తెలుగుకు యూనికోడ్‌లో చోటు 1991లోనే దొరికినా, విండోస్‌లో అది ఇంటిదాకా వచ్చింది 2001 నాటి ఎక్స్‌పీతో, గౌతమి అనే ఫాంటుతో. అప్పుడు కూడా మన లిపి సరిగ్గా కనబడాలంటే సీడీ పెట్టి ఆ భాగాన్ని వేరుగా ఎక్కించుకోవలసి వచ్చేది. సిస్టమ్‌ని తుడిచి వేసిన ప్రతిసారీ ఇంగ్లీషు దానంతట అదే వచ్చేది, తెలుగును మాత్రం మళ్ళీ పిలుచుకు రావలసి వచ్చేది. 2007లో వచ్చిన విస్టాతోగాని ఆ బాధ తీరలేదు.

మాష్టారి పాత సీడీల డబ్బాలో ఆ ఫాంటు దొరికింది. ఎక్కించాక పేజీలు మళ్ళీ మాట్లాడాయి. తరవాత వాటిని యూనికోడ్‌లోకి మార్పించాం. అంతవరకు సంతోషమే. కాని ఆ రోజు ఇంకొకటి చూశాను. తెరమీద తెలుగు అక్షరాలు వచ్చాక కోడలు తేరిపార చూసి, ‘బావున్నాయి గాని అన్నయ్యగారూ, నాకు చదవటం రాదు కదా, మీరు చదవండి’ అంది. ఆ అమ్మాయి ఇంట్లో మాట్లాడేది తెలుగే. చదివింది ఒడియా మీడియంలో. నేను ఒక జోలపాట చదివితే, సగంలో అందుకుని మిగతాది తనే పూర్తి చేసింది. పాట నోట్లో ఉంది, కాగితం మీది పాట మాత్రం ఆమెకు మూసిన తలుపే. ఆ ఫైలుకు రెండు ఫాంట్లు కావలసి వచ్చాయి. ఒకటి సీడీలో దొరికింది. రెండోది మనిషిలో ఉండవలసినది, దాన్ని బడి పెట్టాలి లేదా ఇల్లు పెట్టాలి.

దుకాణం కుర్రవాణ్ణి నేను తప్పుపట్టను. అతనికి అప్పగించిన పని అతను చేశాడు. కాని రెండో చిక్కూ మూడో చిక్కూ ఇక్కడే ఉన్నాయి. ఏది చెత్త, ఏది సారం అన్నది చూసేవాడి చదువును బట్టి ఉంటుంది. చదవలేనివాడికి ప్రతి లిపీ చెత్తే. అందుచేత తుడిచే అధికారం, అందులో ఏముందో చదవగలిగినవాడికో, కనీసం చదవగలిగినవాణ్ణి పిలిచి అడిగినవాడికో మాత్రమే ఉండాలి. నా పెట్టె నేను రోజుకోసారి తుడుచుకుంటే అది నా సరదా. ఇంకొకరి పెట్టె, అందులోనూ పోయినవారి పెట్టె తుడవటం అలాంటిది కాదు. అడిగితే చెప్పటానికి ఆ మనిషి లేడు.

ఈ మాటను కంప్యూటరు దాటించి ఒక్క అడుగు ముందుకు వేస్తాను. 1936 మార్చి 31 దాకా మా బరంపురం మద్రాసు రాజధానిలో భాగం. మర్నాడు, ఏప్రిల్ 1న, కొత్తగా ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రంలో ఉంది. రాత్రికి రాత్రి ఎవరూ ఇల్లు కదలలేదు. కచేరీ కాగితాల భాష, బడి భాష కాలక్రమాన మారాయి. కింద సిస్టమ్ మారింది, డిస్కు మీద మనుషులు అలాగే ఉన్నారు. ఇందులో అన్యాయం జరిగిందని నేను వాదించటం లేదు. ఒడియావారు 1903లో ఉత్కళ సమ్మిళని పెట్టి, మూడు దశాబ్దాలు పాటుపడి తమ రాష్ట్రం తెచ్చుకున్నారు. మద్రాసు రాజధానిలో వాళ్ళ ఫైళ్ళు తెరుచుకోని బాధ వాళ్ళు పడ్డారు. కొత్త సిస్టమ్ కావాలనటంలో వాళ్ళ న్యాయం వాళ్ళకుంది. మిగిలిపోయిన ఫైళ్ళుగా మన న్యాయం మనకుంది. పాత సిస్టమ్ మళ్ళీ తెమ్మనటం కాదు ఆ న్యాయం. కొత్త సిస్టమ్‌లో పాత ఫైలు కూడా తెరుచుకోవాలనటం, అంతే. ఏ మార్పుకైనా నేను పెట్టే పరీక్ష ఇదొక్కటే: ఇది తనకు ముందున్నదాన్ని చదవగలదా?

అయితే ఎన్నాళ్ళకొకసారి అన్న ప్రశ్నకు జవాబేమిటి? క్యాలెండరు చూసి కాదు అన్నదే నా జవాబు. కారణం వెతికి, అది తుడిస్తే తప్ప పోనిదని తేలినప్పుడు మాత్రమే. అది అయిదేళ్ళకు రావచ్చు, పదేళ్ళకు రావచ్చు, అసలు రాకపోవచ్చు. వచ్చినప్పుడు ముందు సారం తీసి రెండు చోట్ల పెట్టుకోవాలి. తీసి పెట్టినవి తెరుచుకుంటున్నాయో లేదో ఇంకొక పెట్టెలో చూసుకోవాలి. ఆ తరవాతే తుడవాలి.

ఇది తీరిక మీద ఆలోచించవలసిన విషయం కూడా కాదు. విండోస్ 10కి కంపెనీ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాని తరవాతి విండోస్ 11 పాత ప్రాసెసర్లను, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేని పెట్టెలను ఒప్పుకోదు. అంటే బాగా పనిచేస్తున్న పెట్టెలు కూడా ఎన్నో తుడిచి లినక్స్ వేయించుకోవటానికో, పాతసామాన్ల కొట్టుకో వెళతాయి. వాటిలో పెళ్ళి ఫోటోలతోపాటు సంఘాల మినిట్సు పుస్తకాలు, వంశవృక్షాలు, అచ్చుకాని కథలు, చిన్న పత్రికల పాత సంచికలు డీటీపీ ఫాంట్లలో నిద్రపోతూ ఉంటాయి. పైకి అవి చుక్కలూ గీతలూగానే కనిపిస్తాయి.

కాబట్టి ఈ పత్రిక చదివే హోసూరు, బళ్ళారి, షోలాపూరు, యానాం మిత్రులకు నా మనవి. మీ ఇంట్లోనో, మీ సంఘం ఆఫీసులోనో మూలపడి ఉన్న పెట్టెని దుకాణానికి పంపే ముందు ఒక ఆదివారం దాని ముందు కూర్చోండి. అర్థంకాని ఫైలు కనిపిస్తే పాడైందనుకోకుండా ఫాంటు వెతకండి. యూనికోడ్‌లోకి మార్చండి. ముఖ్యమైనవి కాగితం మీద కూడా ఒక ప్రతి తీసి పెట్టండి. ఆ పని చేసేటప్పుడు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవని పిల్ల ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. మొదటి రోజు అ, ఆలు చాలు.